యూఎస్‌బీ సీరియల్ కేబుల్ పెట్టాక కాటా జాబితాలో నడిమి వరుసలు పోతున్నాయి

ప్రశ్న (తణుకు)

మా ఊరి రైసు మిల్లు కాటా దగ్గర తూకం చీటీలు కొట్టే పాత డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు సీరియల్ పోర్టుతో పనిచేస్తుంది. పాత విండోస్ కంప్యూటరు తీసేసి, లినక్స్ ఉన్న చిన్న పెట్టెను పెట్టి, ఎఫ్‌టీడీఐ కంపెనీ చిప్ (యూఎస్‌బీని సీరియల్‌గా మార్చేది) ఉన్న యూఎస్‌బీ కేబుల్‌తో కలిపాము. వేగం సెకనుకు 9600 బిట్లు. ఒక్క లారీ చీటీ చక్కగా వస్తుంది. సాయంత్రం రోజంతటి జాబితా కొట్టిస్తే మాత్రం మొదటి వరుసలు సరిగా పడి, నడిమివి మాయమై, చివరి మొత్తం మళ్లీ సరిగానే వస్తుంది. ప్రోగ్రాము నుంచి డేటా పంపే రైట్ కాల్ (write) ప్రతిసారీ పూర్తి బైట్ల సంఖ్యనే తిరిగి ఇస్తోంది. వరుసల మధ్య విరామం పెడితే నష్టం తగ్గింది గానీ పోలేదు. లోపం డ్రైవరులో ఉందా, ప్రింటరులో ఉందా?

జవాబు (రాజమహేంద్రవరం)

డ్రైవరును అనుమానించే ముందు, పోయినవి నడిమి వరుసలా, చివరి వరుసలా అన్నది చూడాలండీ. నడిమివి పోతే ప్రింటరు బఫరు (వచ్చిన డేటాను కాసేపు దాచుకునే చోటు) నిండి పొంగిందని, చివరివి పోతే పోర్టును ముందే మూసేశారని అనుకోవచ్చు. మీది మొదటి రకం.

రైట్ కాల్ చెప్పే సంఖ్యకు అర్థం, ఆ బైట్లను కెర్నెల్ (లినక్స్ మూలభాగం) తీసుకుందని మాత్రమే. లినక్స్ యూఎస్‌బీ సీరియల్ పొరలో ఒక్కో పోర్టుకు ఒక మెమరీ పేజీ, అంటే సాధారణంగా 4096 బైట్ల క్యూ ఉంటుంది. 9600 వేగంతో, బైటుకు పది బిట్ల లెక్కన, సెకనుకు 960 బైట్లే వెళతాయి కనుక ఆ క్యూ ఖాళీ కావడానికే నాలుగు సెకన్లు దాటుతుంది. ప్రింటరు ఆగమన్నప్పుడు చిప్ పంపడం ఆపితే, దానిలోని చిన్న బఫరు నిండి (ఎఫ్‌టీ232ఆర్ అనే ఎఫ్‌టీడీఐ చిప్‌లో ఈ దిశకు 128 బైట్లు), కొత్త ప్యాకెట్లను అది నాక్‌తో (‘ఇప్పుడు తీసుకోలేను’ అన్న జవాబు) తిప్పికొడితే, డ్రైవరు యూఆర్‌బీలు (యూఎస్‌బీ మీద పంపే అభ్యర్థనలు) పూర్తికాక నిలిచి, క్యూ నిండి, అప్పటికి గానీ మీ రైట్ కాల్ ఆగదు. శివారు తూము మూస్తే నీరు ఎగదన్ని లాకుల దాకా వచ్చినట్లే ఇదీ. మీ దగ్గర ఆ మొదటి తూమే మూతపడడం లేదు, అంటే ప్రింటరు ఆగమన్నా చిప్ ఆగడం లేదు. పోర్టు అమరికలు మార్చే ఎస్‌టీటీవై (stty) ఆదేశంతో సీఆర్‌టీఎస్‌సీటీఎస్ (crtscts, తీగ మీది సంకేతం చూసి పంపడం ఆపే అమరిక) ఆన్ చేశారా? విరామాలు పెట్టడం వైద్యం కాదు, రిబ్బన్ పాతదై ప్రింటరు నెమ్మదిస్తే మళ్లీ మొదటికొస్తుంది.

జవాబు (అమలాపురం)

పై మాటకు ఒక చేర్పు. ఇలాంటి ప్రింటర్లు చాలావరకు ‘బిజీ’ సంగతిని డీటీఆర్ (‘సిద్ధం’ అని చెప్పే) తీగ మీద చెబుతాయి. విండోస్‌లో డీఎస్‌ఆర్ (కంప్యూటరు వైపు 6వ పిన్ను) చూసి ఆగే ఏర్పాటు ఉంది. లినక్స్‌లో సీఆర్‌టీఎస్‌సీటీఎస్ చూసేది సీటీఎస్‌ను (8వ పిన్ను) మాత్రమే. పాత కేబుల్‌లో ప్రింటరు వైపు 20వ పిన్ను, కంప్యూటరు వైపు 6వ పిన్నుకు కలిపి ఉంటే, దాన్ని 8వ పిన్నుకు మార్చాలి. మల్టీమీటరును 8, 5 (గ్రౌండ్) పిన్నుల మధ్య పెట్టి, ప్రింటరును ఆఫ్‌లైన్ చేసి చూడండి: ప్లస్‌లో ఉన్న వోల్టేజి మైనస్‌కు తిరిగితే తీగ సరైనదే.

ఆ కేబుల్‌కు బదులు లినక్స్‌లో టీటీవైఏసీఎం (ttyACM) పేరుతో కనిపించే పరికరం మాత్రం కొనకండి. అవి వాడే సీడీసీ ఏసీఎం అనే యూఎస్‌బీ ప్రమాణపు స్థితి సందేశంలో సీటీఎస్‌కు బిట్టే లేదు.

ప్రశ్న అడిగినవారు (తణుకు)

మీరన్నట్లే తీగ 6వ పిన్ను మీద ఉందండీ. 8కి మార్చి, సీఆర్‌టీఎస్‌సీటీఎస్ ఆన్ చేశాక జాబితా పూర్తిగా వచ్చింది. అయితే మధ్యలో కాగితం అయిపోయి, కొత్తది ఎక్కించేసరికి ఆలస్యమైతే ఇప్పుడు చివరి వరుసలు పోతున్నాయి.

జవాబు (రాజమహేంద్రవరం)

అది నేను మొదట చెప్పిన రెండో రకం, పోర్టు ముందే మూతపడడం. పోర్టును మూసేటప్పుడు క్యూలో మిగిలినదాని కోసం లినక్స్ మామూలుగా 30 సెకన్లే ఎదురుచూసి, తరువాత పారేస్తుంది. మూసే ముందు, అంతా వెళ్లేదాకా ఆగే టీసీడ్రెయిన్ (tcdrain) కాల్‌ను పిలవండి. అది గడువు లేకుండా ఆగుతుంది. చిప్ లోపల కూడా ఖాళీ అయిందో లేదో అడిగే వీలు ఎఫ్‌టీడీఐ డ్రైవరులో ఉంది కనుక మీకు అది సరిపోతుంది. ‘కాగితం చూడండి’ అన్న హెచ్చరికను మాత్రం వేరే థ్రెడ్ (ప్రోగ్రాములో పక్కపక్కనే నడిచే మరో పని) నుంచి చూపించండి, లేకపోతే తెర కూడా బిగుసుకుపోతుంది.