వానలో కళసూబాయి ఒంటరిగా ఎక్కినవారున్నారా?

నమస్కారం. పుణేలో ఉద్యోగం చేస్తున్న నెల్లూరు వాణ్ని. మహారాష్ట్రలోకెల్లా ఎత్తైన శిఖరం కళసూబాయి, 1,646 మీటర్లు. కిందటి జులైలో బారీ గ్రామం నుంచి ఒక్కణ్నే బయలుదేరాను. ఇనుప నిచ్చెనల దగ్గరికి చేరేసరికి పొగమంచు కమ్మేసింది. నాలుగు మెట్ల పైన ఏముందో కనిపించలేదు. కమ్మీ పట్టుకుంటే జారుతోంది, పక్కనుంచి ఈదురుగాలి. భయపడ్డాను, దాచడమెందుకు, వెనుదిరిగాను.

ఈసారైనా పైనున్న అమ్మవారి గుడి చూడాలని ఉంది. తడి నిచ్చెనల మీద ఎక్కడం కంటే దిగడమే కష్టమా? ముఖం నిచ్చెన వైపు పెట్టి దిగాలా? మంచు విడిచేదాకా తలదాచుకునే చోటు దారిలో దొరుకుతుందా? నాకు కళ్లజోడు ఉంది. అద్దాలకు ఆవిరి పట్టకుండా ఏం చేస్తారు? "వానాకాలం వద్దు" అని మాత్రం అనకండి, ఆ మాట మా అమ్మ రోజూ ఫోనులో చెబుతూనే ఉంది.