ట్రయంఫ్ హెరాల్డ్ 1200 కన్వర్టిబుల్: అసలుదా, కప్పు విప్పిన సెలూనా?

ఇంగ్లండ్‌లో 1966 నాటి ట్రయంఫ్ హెరాల్డ్ కన్వర్టిబుల్ (గుడ్డ కప్పు మడిచేసుకునే బ్రిటిష్ కారు) ఒకటి అమ్మకానికి ఉంది. 1147 సీసీ ఇంజన్. కొనేముందు ఈ బండి తెలిసినవాళ్ల సలహా కావాలి.

హెరాల్డ్‌కి ఛాసిస్ (కింది ఇనుప చట్రం) బాడీ నుంచి విడిగా ఉంటుంది, కప్పు బోల్టులతో బిగించినదే. అందుకే సెలూన్ (గట్టి కప్పున్న మోడల్) కప్పు తీసేసి గుడ్డ టాప్ వేసిన బండ్లు కూడా తిరుగుతున్నాయి. కమిషన్ నంబరు (కంపెనీ ప్లేటు మీద వేసే బండి నంబరు) చివర సీవీ అంటే కన్వర్టిబుల్, డీఎల్ అంటే సెలూన్. ఇందులో సీవీయే ఉంది, కానీ ప్లేటు మార్చడం ఎంతసేపు? బాడీలో ఎక్కడ చూస్తే కచ్చితంగా తేలుతుంది?

డోరు వెనక సందు పైన సన్నగా, కింద వెడల్పుగా ఉంది. ఛాసిస్ నడుము జారిందా, లేక బాడీ ఛాసిస్‌కి బిగించే చోట్ల (మౌంట్ల) కింద షిమ్‌లు, అంటే పలుచని రేకులు, సర్దితే సరిపోతుందా? అవుట్‌రిగ్గర్లకు (ఛాసిస్ నుంచి పక్కలకు వచ్చే చేతులకు) తుప్పు ఎలాగూ ఉంది, అవి మార్చుకోవచ్చు.

అసలు భయం ముందు చక్రాల ట్రనియన్ల (వర్టికల్ లింక్ అడుగున ఉండే మరల కీళ్ల) గురించి. వాటికి ఈపీ 90 గేర్ ఆయిల్ పట్టించాలి, ఇక్కడేమో గ్రీజు కొట్టారు. గ్రీజు లోపలి మరల (థ్రెడ్ల) దాకా సరిగ్గా చేరదు, నీరు చేరి వర్టికల్ లింక్ (చక్రాన్ని మోసే నిలువు భాగం) తుప్పుపట్టి నడుస్తుండగానే విరుగుతుంది. విప్పకుండా అరుగుదల కనిపెట్టే దారి ఉందా?

క్లచ్ తొక్కితే క్రాంక్ పుల్లీ (ఇంజన్ ముందుండే బెల్టు చక్రం) దాదాపు 1 మిల్లీమీటరు ముందుకొస్తోంది. సంప్ (ఇంజన్ కింది ఆయిల్ తొట్టి) దించి, క్రాంక్ ముందూ వెనకా జరగకుండా ఆపే థ్రస్ట్ వాషర్లు మారిస్తే చాలా, ఇంజన్ బ్లాకు కూడా అరిగిపోయి ఉంటుందా?

మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ (ఇదే కారు భారతీయ రూపం) సామాను హైదరాబాద్, విజయవాడ పాత స్పేర్ పార్టుల షాపుల్లో ఇంకా దొరుకుతోందా? ట్రనియన్లు, వర్టికల్ లింకులు దీనికి సరిపోతాయా?