అండమాన్‌ల తక్కువ ఖర్చుకు ఉండే జాగలు: పోయొచ్చినోళ్ళు చెప్పండి

హన్మకొండ_టీచరమ్మ
సంక్రాంతి సెలవులకు అండమాన్ పోతున్నం. మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, మా అమ్మ. హైదరాబాద్ నుంచి పోనురాను విమానం టికెట్లు అయిపోయినయి. రూముల కాడ ఆగినం. హావ్‌లాక్ దీవిల ఏది చూసినా రాత్రికి ఆరువేలు, ఎనిమిదివేలు చూపెడుతున్నది. రెండువేల లోపల సాఫుగ ఉండే రూము కావాలె. అమ్మకు మోకాళ్ళు నొస్తయి, మెట్లెక్కలేదు, కింద కూసోని లేవలేదు. పోర్ట్‌బ్లెయిర్ల ఎక్కడ దిగాలె, హావ్‌లాక్‌ల ఏ బీచ్ దగ్గర, నీల్ దీవిల రాత్రి ఉండుడు అవసరమా? ప్యాకేజీలు వద్దు.

కాజీపేట_లోకోషెడ్
విమానం ఎందుకు? విశాఖ నుంచి షిప్పు ఉంది కదా. సాయంత్రం కాజీపేటల గోదావరి ఎక్కితే తెల్లారేసరికి విశాఖ. షిప్పుల బంక్ క్లాసు తీసుకుంటే విమానం టికెట్‌ల సగం కూడ కాదు. పన్నెండు వందల కిలోమీటర్లు నీళ్ళ మీద పోతరు, దగ్గర దగ్గర మూడు రోజులు. అన్ని రోజులు రూము కిరాయి మిగిలినట్టే. పొద్దుగాల డెక్కు మీద నిలబడితే నాలుగు దిక్కులా నీళ్ళే. ఆ షిప్పు ఎక్కనోడు అండమాన్ చూసినట్టే కాదు.

నర్సంపేట_పత్తిచేను
అన్నా, ఆమె టికెట్లు అయిపోయినయని పైననే రాసింది. చదవకుండనే షిప్పు షిప్పు అంటవు. విశాఖ నుంచి షిప్పు ఎప్పుడు బయలెల్లుతదో ముందుగాల తెల్వదు, చెన్నై నుంచైతే జర ఎక్కువ తిరుగుతయి. పదిరోజుల సెలవుల ఆరు రోజులు షిప్పులనే పోతే ఇంక దీవి ఎప్పుడు చూడాలె? మోకాళ్ళ నొప్పులున్న పెద్దామెను పై బెర్తు ఎక్కిస్తవా?

కాజీపేట_లోకోషెడ్
క్యాబిన్లు కూడ ఉంటయి. అన్నీ బంకులే అని నేను అన్ననా? నువ్వు షిప్పు ఎక్కినవా ఎన్నడన్న?

నర్సంపేట_పత్తిచేను
ఎక్కిన. చెన్నై నుంచి. గాలి లేసిన రాత్రి మా ఆవిడ తెల్లారేదాక వాంతులు చేసుకున్నది. అందుకే చెప్తున్న.

పోస్టాఫీసు_సుబేదారి
సెంట్రల్ గవర్నమెంటు ఉద్యోగులు ఎవరన్న ఉంటే ఇది చూసుకోండి. సొంతూరి ఎల్‌టీసీని (సెలవుల పోతే సర్కారు ఇచ్చే ప్రయాణం ఖర్చు) మార్చుకొని అండమాన్ విమానంల పోవచ్చు. అయితే టికెట్ బామర్ లారీ, అశోక్ ట్రావెల్స్, ఐఆర్‌సీటీసీ ఈ మూడిట్లనే తీయాలె. బయట ఏజెంటు దగ్గర తీస్తే బిల్లు ఒప్పుకోరు, తిప్పి పంపుతరు. రూము కిరాయి, తిండి ఎల్‌టీసీల రావు, అవి మన జేబుల నుంచే. మా ఆఫీసుల ఒకరికి ఏజెంటు "అన్నీ కలిపి బిల్లు చేసిస్త" అన్నడు. అసొంటోళ్ళ జోలికి పోకండి, ఉద్యోగం మీదికొస్తది.

వడ్డేపల్లి_చెరువుగట్టు
అందరు రూము రూము అంటున్నరు, అసలు ఖర్చు తిండి కాడ ఉంటది. ఐదుగురికి మూడు పూటలు హోటల్ల తింటే రూము కిరాయి అంత అయితది. మేము రైస్ కుక్కర్ తీస్కపోయినం. సన్నబియ్యం, చింతపండు పులుసు, కరివేపాకు పొడి, సకినాలు, ఆవకాయ. ప్రొద్దున అన్నం పెట్టి డబ్బాల కట్టుకొని పోవుడే. పిల్లల కడుపు కరాబు కాలేదు. తక్కువల పోవాల్నంటే కుక్కర్ లేకుండ కదలొద్దు, ఇది నా మాట.

పోర్ట్‌బ్లెయిర్_అల్లుడు
నేను పుట్టింది పోర్ట్‌బ్లెయిర్లోనే. మా తాత శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు. మా ఆవిడది వరంగల్ కరీమాబాద్, అందుకే ఈ గ్రూపులో ఉన్నాను. మా బావగారికి అబెర్డీన్ బజార్లో చిన్న లాడ్జి ఉంది. దయచేసి రూముల్లోకి కుక్కర్లు తేకండి. మాకు ప్రధాన భూభాగం నుంచి కరెంటు లైను లేదు. చాలావరకు డీజిల్ జనరేటర్ల కరెంటే, ఆ డీజిల్ కూడా ఓడలో రావాలి. పాత లాడ్జిల్లో వైరింగ్ సన్నం. ఒక ఫ్లోరులో నాలుగు రూముల వాళ్ళు ఒకేసారి కుక్కర్, హీటర్, ఐరన్ బాక్స్ పెడితే ఫ్యూజు పోతుంది, అందరికీ ఫ్యాన్లు ఆగుతాయి. తిట్లు మాత్రం మా బావగారికి.

వడ్డేపల్లి_చెరువుగట్టు
కిరాయి కట్టినంక ప్లగ్గుల ఏం పెట్టుకుంటే మీకెందుకండీ? ఏసీ రూముకు ఎక్కువ తీస్కుంటరు, ఏసీకి వచ్చే కరెంటు కుక్కర్‌కు రాదా?

రిటైర్డ్_ఏఈ_మట్టెవాడ
ముప్పై ఏళ్ళు కరెంటు డిపార్ట్‌మెంటుల చేసినోన్ని, లెక్క చెప్త. ఇంట్లో వాడే కుక్కర్ ఏడు వందల వాట్లు. టన్నున్నర ఏసీ పదిహేను వందల దాక గుంజుతది. కుక్కర్ ఏసీల సగమే, ఆ మాట నిజమే. అయితే ఏసీకి వేరే లైను, వేరే ఎంసీబీ (లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్చి) ఉంటది. మీరు కుక్కర్ పెట్టేది మంచం పక్కన ఫోన్ చార్జింగ్ ప్లగ్గుల. అది ఐదు ఆంపియర్లది. దానికి ఎక్స్‌టెన్షన్ బాక్సు తగిలించి, దాంట్ల కుక్కర్, కెటిల్ రెండు పెడితే పన్నెండు వందల వాట్లు దాటుతది, వైరు కాగుతది, ప్లాస్టిక్ కరుగుతది. కాబట్టి లాడ్జి ఆయన మాట కరెక్టు. మీరు ఓనర్‌ను అడిగి పదహారు ఆంపియర్ల ప్లగ్గు ఎక్కడుందో అక్కడ పెట్టుకోండి.

వడ్డేపల్లి_చెరువుగట్టు
సార్, మేము అడిగే పెట్టినం. ఓనర్ ఒప్పుకున్నడు. ఈయన వచ్చి వరంగల్ వాళ్ళంత ఫ్యూజులు కాల్చేటోళ్ళు అన్నట్టు రాస్తున్నడు.

పోర్ట్‌బ్లెయిర్_అల్లుడు
వరంగల్ పేరు నేను ఎక్కడ తీశానండీ? మా ఇంట్లో సగం మంది వరంగల్ వాళ్ళే. ఒప్పుకున్న చోట పెట్టుకోండి. చాలామంది అడగరు, తలుపు వేసుకుని పెడతారు, పులుసు ఒలికించి పరుపు పాడు చేస్తారు. ఆ కష్టం పడేవాళ్ళకు తెలుస్తుంది.

పరకాల_పిల్ల
కుక్కర్ పంచాయితీ పక్కకు పెట్టండి జర. నాకు తెలిసింది చెప్త. హావ్‌లాక్‌ల బీచులను నంబర్లతోటి పిలుస్తరు. పడవలు ఆగే జెట్టీ కాడ ఉన్నది ఒకటో నంబరు. బజారు మూడో నంబరు, గోవింద్‌నగర్. ఐదో నంబరు విజయ్‌నగర్. ఏడో నంబరు రాధానగర్. తక్కువ రూములు, గుడిసెలు మూడుల, ఐదుల ఉంటయి. రాధానగర్ దగ్గర ఉన్నయి చాలావరకు పెద్ద రిసార్టులే. ఐదుల గుడిసె సముద్రం ముంగటనే ఉన్నా తక్కువకు ఎందుకొస్తదంటే, ఆ దిక్కు ఆటుకు నీళ్ళు మస్తు దూరం పోతయి, అడుగున రాళ్ళు, చచ్చిన పగడాలు తేలుతయి. ఈత కొట్టాల్నంటే పోటు టైము చూసుకోవాలె. ఫోటోల నీళ్ళు నిండుగ ఉంటయి, మనం పోయే టైముకు ఉండకపోవచ్చు. స్నానానికి రాధానగరే పోవాలె, బస్సు ఉంది, చివరి బస్సు టైము ముందే అడుగుండ్రి. జనవరిల ఐదుంబావు దాటితే పొద్దు కుంకుతది. లైఫ్‌గార్డులు విజిల్ వేసి అందరిని నీళ్ళల నుంచి వెళ్ళగొడతరు. చీకటి పడ్డంక ఆటో ఆయన అడిగిందే రేటు. మూడో నంబరుల రూము తీసుకుంటే తిండి కూడ అక్కడనే. బెంగాలోళ్ళ మెస్సుల అన్నం, పప్పు, చేప కడుపునిండ పెడతరు. అక్కడ ఊళ్ళల్ల చానమంది తూర్పు బెంగాల్ నుంచి వచ్చి కుదురుకున్నోళ్ళే.

హన్మకొండ_టీచరమ్మ
థాంక్స్ చెల్లే, ఇదే కావాల్సింది. అమ్మ సంగతి ఇంక ఎవరు చెప్పలేదు.

ములుగు_అడవిదారి
అక్కా, పెద్దామె ఉన్నదని చెప్తున్న, అంత దూరం ఎందుకు? మన లక్నవరంల దీవి ఉన్నది, దీవి మీద కాటేజీలున్నయి, వేలాడే వంతెన మీద నడుసుకుంట పోవచ్చు. కాకతీయులు తవ్విచ్చిన చెరువు. హన్మకొండ నుంచి పొద్దున బయలెల్లితే పది గంటలకు ఆడ ఉంటరు. మన జిల్లాకు నాలుగు పైసలొస్తయి.

పరకాల_పిల్ల
లక్నవరం మంచిదే అన్నా, ఎవరు కాదన్నరు? పిల్లలు సముద్రం చూస్తమంటే చెరువు చూపెడతమా?

ములుగు_అడవిదారి
చెరువని తీసిపడేయకు. ఆ చెరువు నీళ్ళతోటి ఎన్ని ఊర్లు పంట తీస్తున్నయో తెలుసా నీకు? గోవిందరావుపేట దిక్కు వచ్చి చూడు.

బుల్లెట్_భూపాలపల్లి
హావ్‌లాక్, నీల్ అని అందరు అక్కడనే గుంపు కడుతున్నరు కాబట్టే రేట్లు పెరిగినయి. నేను అండమాన్ ట్రంక్ రోడ్డు మీద డిగ్లీపూర్ దాక పోయిన. రంగత్, మాయాబందర్, డిగ్లీపూర్‌ల రూములు మస్తు చవక, మనుషులు తక్కువ. డిగ్లీపూర్ దగ్గర రాస్, స్మిత్ దీవులను ఆటు టైముల ఇసుక దారి కలుపుతది, ఒక దీవి నుంచి ఇంకో దీవికి నడిచిపోవచ్చు. లిటిల్ అండమాన్‌ల హట్‌బే అయితే ఇంకా తక్కువ. ఈ పద్ధతి తెలిసినోళ్ళు చానా తక్కువ, నాకు మెసేజ్ పెడితే మొత్తం రూట్ చెప్త.

నర్సంపేట_పత్తిచేను
తమ్మీ, ఆ రోడ్డు మీద జిర్కాటాంగ్ కాడ ఎందుకు ఆపుతరో కూడ చెప్పు. జారవా ఆదివాసులుండే అడవిల నుంచి బండ్లన్నీ కలిసి కాన్వాయ్‌గానే పోవాలె, నడుమ ఆపొద్దు, ఫోటో తీయొద్దు, తిండి ఇయ్యొద్దు. కేసు అయితది. అయినా మోకాళ్ళ నొప్పులామెకు మూడు వందల కిలోమీటర్ల రోడ్డు చెప్పుడేంది?

బుల్లెట్_భూపాలపల్లి
నేను అందరికీ చెప్తున్న, ఒక్క ఆమెకే కాదు. కాన్వాయ్ సంగతి నాకు నువ్వు చెప్పేదేం లేదు.

తొర్రూరు_పద్మక్క
టీచరమ్మా, నేను మా అత్తను తీస్కపోయిన, ఆమెది కూడ మోకాళ్ళే. విను. నీల్‌ల ఒక రాత్రి ఉండు, పెద్దోళ్ళకు హావ్‌లాక్ కంటే నీల్ అల్కగ ఉంటది. భరత్‌పూర్ బీచ్ జెట్టీ పక్కనే, ఆ దిక్కు రూము తీసుకుంటే ఆటో కూడ అక్కర లేదు. ప్రభుత్వ టూరిజం వాళ్ళ హవాబిల్ నెస్ట్ కూడ నీల్‌ల ఉంది, ఖాళీ ఉన్నదేమో ఫోన్ చెయ్యి. నాచురల్ బ్రిడ్జ్ కాడికి మాత్రం అమ్మను తీస్కపోకు, రాళ్ళ మీద నడవాలె, పాచి ఉంటది. రాధానగర్‌ల చదును ఇసుకే, అది పర్వాలేదు. సెల్యులార్ జైలుల పైకి మెట్లున్నయి. కింద వరండ, రాత్రి లైట్ అండ్ సౌండ్ చూపిస్తే చాలు. గుడిసెల చానావాటికి బయట మెట్లుంటయి. "గ్రౌండ్ ఫ్లోర్, వెస్టర్న్ బాత్రూం" అని ఫోన్ల అడిగి, ఫోటో పంపియ్యమను. పోర్ట్‌బ్లెయిర్ అంతా గుట్టల మీది ఊరు, అబెర్డీన్ బజార్ల చవక లాడ్జిలకు లిఫ్టు ఉండది. మేము డేలానీపూర్ దిక్కు ఇంట్లనే రూములిచ్చేటోళ్ళ దగ్గర ఉన్నం, కింది రూము ఇచ్చిండ్రు.

హన్మకొండ_టీచరమ్మ
పద్మక్కా, మీకు ఎట్ల థాంక్స్ చెప్పాల్నో. డేలానీపూర్ల వేడినీళ్ళు ఉన్నయా?

తొర్రూరు_పద్మక్క
బకెట్ల ఇచ్చిండ్రు. జనవరిల కూడ ఆడ మన దగ్గరోలె చలి ఉండది, అవసరం పడదు.

మడికొండ_నీళ్ళట్యాంకు
నీళ్ళ మాట ఎవరు ఎత్తుతలేరు. మేము ఏప్రిల్‌ల పోయినం. లాడ్జిల పొద్దున ఒక గంట నీళ్ళు, అంతే. ముగ్గురు పిల్లలకు సముద్రంల ఆడినంక ఉప్పు కడగనీకి నీళ్ళు లేవు. పోర్ట్‌బ్లెయిర్‌కు తాగే నీళ్ళు ధనిఖరి డ్యాం నుంచి వస్తయి, ఎండకాలం అది అడుగంటితే ఊరంత రేషనే. ఎండకాలం రూము తక్కువకొచ్చిందని సంబురపడకండి, ట్యాంకు ఉన్నదా, బోరు ఉన్నదా అడగండి.

పోర్ట్‌బ్లెయిర్_అల్లుడు
ఇది నిజం. మార్చి దాటితే మా ఇళ్ళల్లో కూడా డ్రమ్ముల్లో పట్టుకుంటాం. టీచర్ గారూ, సంక్రాంతికి అంత ఇబ్బంది ఉండదు. కానీ డిసెంబర్ ఆఖరు, జనవరి మొదటి వారాలు మంచి గిరాకీ, రెండువేల రూము నాలుగువేలు చెప్తారు. పండుగ వారానికి కొంచెం దిగుతుంది. మొదటి రాత్రికి మాత్రమే బుక్ చేసుకోండి. మిగతావి దిగాక చూసుకుంటే బేరం కుదురుతుంది, కానీ పెద్దావిడ ఉన్నారు కాబట్టి హావ్‌లాక్‌ది కూడా ముందే చేసుకోండి. ఇంకొకటి, టికెట్ల సైట్లలో హావ్‌లాక్ స్వరాజ్ ద్వీప్ అని, నీల్ షహీద్ ద్వీప్ అని, 2024 నుంచి పోర్ట్‌బ్లెయిర్ శ్రీ విజయపురం అని ఉంటాయి, కంగారుపడకండి. ప్రభుత్వ బోటు ఫీనిక్స్ బే జెట్టీ నుంచి. ప్రైవేటు వాటిలో సగం ధర కూడా ఉండదు, రెండున్నర గంటలు పడుతుంది. ద్వీపవాసులకు కోటా ఉంటుంది కనుక మీకు మిగిలే సీట్లు తక్కువ. బుకింగ్ తెరిచిన పూటే తీసుకోవాలి.

జనగామ_బస్టాండు
చివరి రాత్రి హావ్‌లాక్‌ల పెట్టుకోకండి, నా కడుపుమంట ఇది. సముద్రం బాగలేదని బోట్లు ఆపిండ్రు, మా విమానం పోయింది, కొత్త టికెట్లకు ఎంతయిందో చెప్తే మీకే ఏడుపొస్తది. పోర్ట్‌బ్లెయిర్ల ముందే కట్టిన రూము పైసలు వాపసు ఇయ్యలేదు. "మీరు రాలేదు కదా" అన్నరు. 2016 డిసెంబర్‌ల తుఫాను గాలికి హావ్‌లాక్, నీల్‌ల వందలమంది టూరిస్టులు చిక్కుకుంటే నౌకాదళం ఓడలు పోయి తెచ్చినయి. అట్లాంటిది అక్కడ అవుతది. విమానం ముందటి రాత్రి పోర్ట్‌బ్లెయిర్లనే ఉండాలె. రూము డబ్బులు కూడ మొత్తం ముందు కట్టకండి.

కాజీపేట_లోకోషెడ్
షిప్పుల వస్తే విమానం పోయేదే లేదు.

జనగామ_బస్టాండు
అన్నా, నీకు దండం. నేను ఎంత పోగొట్టుకున్ననో చెప్తుంటే మళ్ళ షిప్పా?

వడ్డేపల్లి_చెరువుగట్టు
పైసలు కూడ చేతిల ఉంచుకోండి. చెన్నై నుంచి సముద్రం కింద కేబుల్ వేసినంక 2020 నుంచి నెట్టు నయమైంది గని, నీల్‌ల చిన్న దుకాణాల కాడ ఫోన్‌పే ఒక్కోసారి తిరుగుతనే ఉంటది. మేము ఏటీఎం కోసం తిరిగినం. కుక్కర్ ఉంది కాబట్టి ఆ పూట గడిచింది.

పరకాల_పిల్ల
పిల్లలు బీచ్‌ల గవ్వలు, పగడం ముక్కలు ఏరుతరు, రూముల దాచి సంచిల వేస్తరు. ఎయిర్‌పోర్టుల పట్టుకుంటరు, అవి తేవద్దని చట్టం ఉంది. ముందే చెప్పుండ్రి పిల్లలకు.

హన్మకొండ_టీచరమ్మ
నీల్‌ల భరత్‌పూర్ దగ్గర కింది రూము ఫోన్ల మాట్లాడిన, పద్దెనిమిది వందలు అన్నరు, ఫోటో పంపిండ్రు, బాత్రూం వెస్టర్న్‌దే. హావ్‌లాక్‌కు మూడో నంబరుల చూస్తున్న. కుక్కర్ తేవచ్చా అని కూడ అడిగిన, వద్దన్నరు. ఆవకాయ, పొడులు మాత్రం తీస్కపోత. విమానంల రానిస్తరా?

పోస్టాఫీసు_సుబేదారి
చేతి సంచిల పెట్టకండి మేడమ్, పచ్చడి సెక్యూరిటీ కాడ తీసేస్తరు. లగేజీల వేసే పెట్టెల పెట్టండి, డబ్బా మూతకు టేపు చుట్టి, రెండు కవర్లల్ల. పొడులు కూడ అందులనే వేసెయ్యండి.

వడ్డేపల్లి_చెరువుగట్టు
గాజు సీసా వద్దు. స్టీలు డబ్బా మంచిది, మా ఆవకాయ గట్లనే పోయింది, చుక్క కారలేదు.