షెల్ కమాండ్‌ని ‘తొలచడం’ అందామా, ‘గుల్ల చేయడం’ అందామా?

ప్రశ్న: క్యాడ్ (కంప్యూటర్‌లో వస్తువుల నమూనాలు గీసే పద్ధతి) పాఠాలు తెలుగులో రాస్తున్నాను. గట్టి ఘనాన్ని గోడలు మాత్రమే మిగిలేలా డొల్లగా మార్చే షెల్ కమాండ్‌కి ‘తొలచడం’ అని రాశాను. చదివినవారొకరు ఇలా అడిగారు: “పెట్టెకి ముందే ఈ పక్క నుంచి ఆ పక్కకి బెజ్జం వేశాను. తర్వాత తొలిస్తే లోపల అడ్డంగా ఒక గొట్టం మిగిలింది. అన్నీ తొలిచేశాక అదెందుకు ఉంది?” ఏం జవాబు చెప్పాలి?

జవాబు: ఆ మాటే ఆయన్ని తప్పుదారి పట్టించిందండీ. తొలచడమంటే పురుగో, ఉలో లోపలికి దిగి ఉన్నదాన్ని తీసేయడం. షెల్ చేసే పని అది కాదు. మీరు తెరిచి ఉంచమన్న ఫేస్‌ని (ఘనానికి ఉన్న ముఖాల్లో ఒకదాన్ని) వదిలేసి, మిగతా ప్రతి ఫేస్‌కీ మీరిచ్చిన మందమంత లోపలగా ఇంకో ఫేస్ కడుతుంది. ఆ కొత్త ఫేసులు ఒకదాన్నొకటి కోసుకునే చోట అతికి, లోపలి గోడ తయారవుతుంది. బెజ్జం గోడ కూడా ఒక ఫేసే కదా, దానికీ మందం వచ్చింది. అదే ఆ గొట్టం. అది వద్దనుకుంటే ముందు షెల్ చేసి, తర్వాత బెజ్జం వేయాలి.

నా ఓటు ‘గుల్ల చేయడం’కే. నత్తగుల్లలో గుల్ల అంటే పెంకు, గుల్ల చేయడంలో లోపలి ఖాళీ. పోయినదీ మిగిలినదీ ఒకే మాటలో వినిపిస్తాయి. షెల్‌తో వచ్చే చిక్కులన్నీ మిగిలిన గోడ దగ్గరే కాబట్టి ఇది నాకు చాలా నచ్చిన మాట.

ఫిల్లెట్ (అంచుని గుండ్రంగా చేయడం) సంగతే చూడండి. బయటి అంచుకి 2 మి.మీ. ఫిల్లెట్ ఇచ్చి 3 మి.మీ. గోడ అడిగితే, లోపలి వంపు వ్యాసార్థం సున్నా కంటే తక్కువ కావాలి. అలాంటి వంపు లేదు. కొన్ని ప్రోగ్రాములు అక్కడ పదునైన మూలతో సరిపెడతాయి, కొన్ని ఎర్రర్ చూపిస్తాయి. వరస తిరగేస్తే ఇంకో రకం ఇబ్బంది. 2 మి.మీ. గోడతో షెల్ చేశాక బయటి అంచుకి 5 మి.మీ. ఫిల్లెట్ ఇస్తే, లోపలి మూల పదునుగానే ఉండిపోతుంది, అక్కడ గోడ సుమారు 0.76 మి.మీ.కి పలచబడుతుంది. ఫిల్లెట్ 6.8 మి.మీ. దాటిందంటే అంచు వెంబడి చీలిక పడుతుంది. కమాండ్ పొరపాటేమీ లేదు, చెప్పిందే చేసింది.

ఇంకొకరు: నేను ఓపెన్‌స్కాడ్ (కోడ్ రాసి ఆకారాలు తయారుచేసే క్యాడ్ ప్రోగ్రాము) వాడతాను. అందులో షెల్ కమాండే లేదు. చిన్న ఆకారాన్ని పెద్దదాంట్లోంచి తీసేస్తాం. దాన్ని కూడా గుల్ల చేయడమే అంటారా?

జవాబు: అది మాత్రం అచ్చంగా తొలచడమే. ఆ మాటని అక్కడికి దాచుకుందాం. కాకపోతే లోపలి ఆకారాన్ని స్కేల్ చేసి తయారుచేయకండి. 100 × 40 × 20 మి.మీ. పెట్టెని అన్నివైపులా 0.9 రెట్లు చేసి నడిమధ్యన పెడితే, ఎదురెదురు గోడల జతలు 5, 2, 1 మి.మీ. మందంతో వస్తాయి. ప్రతి కొలతలోంచీ గోడ మందానికి రెట్టింపు తీసేయాలి. పైన తెరిచి ఉంచాలంటే, తీసేసే ఆకారాన్ని పై అంచు కంటే కాస్త ఎత్తుగా పెట్టండి. రెండు ఫేసులు ఒకే తలంలో పడితే, ప్రివ్యూలో అక్కడ సన్నని పొర మినుకుమినుకుమంటూ కనిపిస్తుంది.

ప్రశ్న అడిగినవారు: సరే, ‘గుల్ల చేయడం’ అని మారుస్తాను. మరి షెల్‌లో మందాన్ని బయటికి పెంచే ఆప్షన్ కూడా ఉంటుంది కదా?

జవాబు: దానికి ‘పెంకు తొడగడం’ అనండి. అక్కడ మీరు గీసిన ఘనమే లోపలి ఖాళీ అవుతుంది, గోడ దాని చుట్టూ పెరుగుతుంది. బయటి అంచుల ఫిల్లెట్లు పెద్దవవుతాయి కాబట్టి వాటితో బాధ లేదు. లోపలికి వంగిన మూలల్లోనే వ్యాసార్థం తగ్గిపోతుంది, ఎర్రర్ వస్తే ముందు అక్కడ చూడమని రాయండి.