కూర్మరాజు "మఱువున"నా, "మఱుగున"నా?

నీలిగీత: చైనా మింగు రాజుల కాలపు నీలి-తెలుపు పింగాణీ బొమ్మలు చూస్తున్నాను. ఒక గిన్నె మీద డ్రాగన్‌కి ముక్కు తొండంలా పైకి చుట్టుకుంది, నోట తామరతీగ, తోకేమో లతల్లో కలిసిపోయింది. ఇది మన మకరమే అనిపించిన దగ్గర్నుంచి పోతన గజేంద్రమోక్షంలో మకరాలు భయంతో దాక్కునే కందం ఒకటి వదలట్లేదు. "మకర మొకటి రవిఁ జొచ్చెను, మకరము మఱియొకటి ధనదు మాటున డాఁగెన్..." అంటే ఒకటి సూర్యుణ్ణి చేరింది (రాశి), ఇంకొకటి కుబేరుడి చాటున దాగింది (నిధి). ఆఖర్న సముద్రంలో తిరిగే మకరాలు కూర్మరాజు "మఱువున కరిగెన్" అనా, "మఱుగున కరిగెన్" అనా? రాశి, నిధి, సముద్రపు జంతువు: వీటిలో చైనా చేరిన మకరం ఏదంటారు?

పాతప్రతి: మఱుగున. చాటుకు పోయాయి, అంతే.

అరసున్న: పై పాదంలో "మాటున" అనేశాక మళ్ళీ చాటెందుకండీ? మఱువుకి కవచమనే అర్థముంది. తాబేలు డిప్పకి అతికినట్టు సరిపోతుంది. గణాలూ యతీ రెండిటికీ కుదురుతాయి కాబట్టి ఛందస్సు మనకి సాయం రాదు.

పాతప్రతి: డిప్ప తాబేలుది, మకరాలకి దాంతో పనేమిటి? దాని వెనక దాక్కున్నాయంటే చాటనే కదా.

వేపచెట్టు: చిన్నప్పుడు మేం "కరిగెన్" అంటే భయంతో కరిగిపోయాయనుకునేవాళ్ళం. "మఱువునకు అరిగెన్", అంటే వెళ్ళాయి, అని విడదీసి చెప్పినా మనసొప్పలేదు.

తోరణం: అసలు ప్రశ్నకి రండి. చైనా వాళ్ళ "మోజ్యే" బౌద్ధంతో వెళ్ళిన మన మకర శబ్దమే. వాళ్ళకి మకరరాశి పేరూ అదే. కాబట్టి రవిఁ జొచ్చిన మకరమే అక్కడికీ పోయింది! బొమ్మకి పోలిక కావాలంటే అమరావతి శిల్పాలు చూడండి, మకరం నోట్లోంచి లత సాగుతుంటుంది. గిన్నె మీద తామరతీగకి మూలం అదేనని నా పట్టు. రెక్కలూ చేపతోకా ఉన్న ఫెయ్‌యూ, అంటే ఎగిరే చేప, అదీ ఈ వంశమే అంటారు. మింగు చక్రవర్తులు ఆ బొమ్మ ఉన్న దుస్తులు అధికారులకి బహూకరించేవారు.

పాతప్రతి: పేర్లు పెట్టడంలో వాళ్ళది పెద్ద చెయ్యి లెండి. 1414లో బెంగాల్ సుల్తాను పంపిన జిరాఫీని చూసి చీలిన్ అన్నారు, అంటే వాళ్ళ పురాణాల్లోని శుభ జంతువు. పింగాణీ మీద చీలిన్‌కి పొలుసులూ గిట్టలూ ఉంటాయి, పొడుగు మెడ మాత్రం ఉండదు.

నీలిగీత: పింగాణీకి పేరుపడ్డ చైనా ఊరు జింగ్‌దెజెన్ పనివాళ్ళు తొలిరోజుల్లో వాడిన ఆ నీలం కూడా పర్షియా కోబాల్టే.

తోరణం: అయితే రంగు పర్షియాది, జంతువు మనది.

అరసున్న: జంతువు ఎవరిదైనా సరే, మఱువు సంగతి తేలలేదు. పాతప్రతిగారూ, మీ దగ్గరున్న అచ్చులో ఏముందో ఫొటో పెట్టండి.

పాతప్రతి: పెడతాను. ముందు మీరిది చెప్పండి: "డాఁగెన్"లో డకారం ఎందుకు? "దాఁగెన్" అన్నా యతి చెడదు కదా.