చిన్నప్రేగు క్యాన్సర్ ఎంత అరుదు? వచ్చినవారు ఎంతవరకు కోలుకుంటున్నారు?

ప్రశ్న

మా అన్నయ్యకు 58 ఏళ్లు. ఏడాదిపాటు రక్తహీనత అనుకొని ఐరన్ మాత్రలు వాడారు. భోజనం చేసిన గంటకల్లా బొడ్డు చుట్టూ మెలిపెట్టినట్టు నొప్పి వస్తే, పొట్ట పట్టుకొని గోడకు ఆనుకొని కూర్చునేవారు. ఎండోస్కోపీలోనూ, కొలనోస్కోపీలోనూ ఏమీ కనబడలేదు. చివరకు సీటీ స్కాన్‌లో చిన్నప్రేగు మధ్యభాగమైన జెజునంలో కణితి బయటపడింది, ఆపరేషన్ చేసి తీసేశారు. బయాప్సీలో అడినోకార్సినోమా (ప్రేగు లోపలి పొర గ్రంథి కణాల్లో మొదలయ్యే క్యాన్సర్), మూడో దశ అని వచ్చింది. ఈ జబ్బు వచ్చినవారిలో ఐదేళ్ల తరువాత కూడా 70 శాతం మంది బతికి ఉంటారని ఒకచోట చదివాను. ఆ అంకెను నమ్ముకోవచ్చా?

మొదటి జవాబు

ముందుగా ఎంత అరుదో చెబుతాను. చిన్నప్రేగు పొడవు సుమారు ఆరు మీటర్లు, అంటే జీర్ణనాళంలో దాదాపు నాలుగింట మూడు వంతులు. అయినా జీర్ణవ్యవస్థ క్యాన్సర్లలో దీని వాటా ఐదు శాతం లోపే. 2024లో అమెరికాలో కొత్తగా సుమారు 12,400 మందికి ఈ క్యాన్సర్ వస్తుందని అంచనా వేయగా, పెద్దప్రేగు, పురీషనాళ క్యాన్సర్ల అంచనా లక్షన్నర దాటింది. ఇక్కడ ఆహారం ద్రవరూపంలో త్వరగా సాగిపోవడం, బాక్టీరియా తక్కువగా ఉండటం, లోపలి పొర కణాలు కొద్ది రోజులకే రాలిపోయి కొత్తవి రావడం ఇందుకు కారణాలు కావచ్చని భావిస్తున్నారు. రెండు ఎండోస్కోపీలూ చేరలేని చోట పెరుగుతుంది కనుకనే ఆలస్యంగా దొరుకుతుంది. మీరు గాని, వైద్యులు గాని అశ్రద్ధ చేశారని బాధపడకండి.

రెండో జవాబు

ఆ 70 శాతం తప్పు కాదు గాని, మీ అన్నయ్యగారి విషయంలో దానిని ఆధారంగా తీసుకోకూడదు. చిన్నప్రేగులో వచ్చే వేర్వేరు జబ్బులను ఒకే పద్దులో కలిపి తీసిన సగటు అది. వాటిలో పెద్ద వాటా హార్మోన్లు తయారుచేసే కణాల్లో పుట్టి నెమ్మదిగా పెరిగే న్యూరోఎండోక్రైన్ కణితులది. వాటి రోగులు వ్యాధి పాకిన తరువాత కూడా ఏళ్ల తరబడి జీవించడం సాధారణమే కనుక సగటు పైకి వెళుతుంది. అడినోకార్సినోమా అంత మెతక జబ్బు కాదు. పాత లెక్కల ప్రకారం తొలి దశలో సగానికి పైగా, మూడో దశలో సుమారు మూడింట ఒకరు ఐదేళ్లు దాటారు. నాలుగో దశలో పదిమందిలో ఒక్కరు కూడా దాటడం కష్టమయింది. చెప్పడానికి నాకూ మనసు రావడం లేదు, కానీ ఉన్నమాట తెలిస్తేనే సరైన ప్రశ్నలు అడగగలుగుతారు. మూడో దశలోనూ అందరి స్థితీ ఒకటి కాదు: ఒకటి రెండు లింఫు గ్రంథులకే పాకినవారికి, మూడు అంతకు మించి పాకినవారికంటే ఆశ ఎక్కువ. ఎన్ని గ్రంథులు తీసి పరీక్షించారన్నది కూడా చూడండి. కనీసం ఎనిమిదైనా చూడనిదే దశ నిర్ధారణపై భరోసా తక్కువ.

మూడో జవాబు

మా అమ్మగారికి ఇదే జబ్బు వచ్చినప్పుడు మేము ఆలస్యంగా తెలుసుకున్న సంగతి ఒకటుంది. కణితిపై ఎంఎస్ఐ పరీక్ష (కణాల్లో డీఎన్ఏ తప్పులను సరిదిద్దే వ్యవస్థ దెబ్బతిందేమో చూసేది) చేశారో లేదో తప్పక అడగండి. ఎంఎస్ఐ ఎక్కువగా ఉందని తేలితే, జబ్బు తిరగబెట్టినా పెంబ్రోలిజుమాబ్ వంటి ఇమ్యూనోథెరపీకి (రోగనిరోధక శక్తి చేతనే క్యాన్సర్‌పై దాడి చేయించే చికిత్సకు) అవకాశం ఉంటుంది. పైగా అది పెద్దప్రేగు వంటి క్యాన్సర్ల ముప్పును పెంచే, వంశపారంపర్యమైన లించ్ సిండ్రోమ్‌కు సూచన కావచ్చు కనుక, తోబుట్టువులుగా మీకూ, ఆయన పిల్లలకూ జన్యుపరీక్ష అవసరం పడవచ్చు. ఆపరేషన్ తరువాత ఇచ్చే కీమో ఎక్కువగా పెద్దప్రేగు క్యాన్సర్‌కు వాడే ఆక్సాలిప్లాటిన్ కలిసిన మందులే. వేళ్లలో తిమ్మిరి మొదలైతే దాచుకోకుండా వైద్యులకు వెంటనే చెప్పమనండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. రిపోర్టు మళ్లీ తీసి చూశాను. 14 గ్రంథులు పరీక్షించారు, రెండింటిలో క్యాన్సర్ కణాలున్నాయి. ఎంఎస్ఐ ఊసు ఎక్కడా లేదు. సోమవారం కీమో గురించి మాట్లాడడానికి వెళ్తున్నాం. మొదట అడిగేది ఆ ఎంఎస్ఐ పరీక్ష గురించే.