ఆన్‌లైన్ వేలంలో పాత పిల్లల పుస్తకాలు: ఏ ముద్రణో ముందే తెలుసుకోవడం ఎలా?

మాంబళం అమ్మాయి:
అందరికీ నమస్కారం. మాది చెన్నై, పశ్చిమ మాంబళం. పోయిన నెల ఒక గ్రూపులో జరిగిన వేలంలో పిల్లల బొమ్మల కథల పుస్తకం ఒకటి పాడాను. "1950ల నాటి మొదటి ముద్రణ" అని రాసి ముఖచిత్రం ఫోటో ఒక్కటే పెట్టారు. 400 దగ్గర మొదలైన పాట ఆఖరి పది నిమిషాల్లో ముగ్గురం పోటీపడటంతో 3,200 దాకా వెళ్లి చివరికి నాకే వచ్చింది. పార్సిల్ విప్పితే కాగితం మరీ కొత్తగా ఉంది, చేతిలోకి తీసుకోగానే అనుమానం వచ్చింది. అమ్మినాయన్ని అడిగితే "మా తాతగారి పెట్టెలో దొరికింది, నాకు తెలిసిందే రాశాను" అన్నారు. కావాలనే రాశారో, తెలియక రాశారో నాకిప్పటికీ తేలలేదు.

ఇంకో సంగతి. మా నాన్నగారు పోయాక ఆయన ట్రంకుపెట్టె మొన్ననే దింపాం. అటక మీద ఉండబట్టి 2015 డిసెంబరు వరదలో బతికిపోయింది. అందులో చందమామ బైండ్లు రెండు, విడి సంచికలు ముప్పై దాకా, రష్యన్ బొమ్మల పుస్తకాలు తెలుగువి పదకొండు ఉన్నాయి. చిన్న ఫ్లాటుకి మారుతున్నాం కాబట్టి కొన్ని అమ్మాలి. నాకు జరిగింది నా వల్ల ఇంకొకరికి జరగకూడదు. కొనేటప్పుడు ఏం చూడాలి, అమ్మేటప్పుడు ఏం రాయాలి? కొన్నిటి మీద మా మేనత్త పేరు పెన్సిల్‌తో రాసి ఉంది, రబ్బరుతో చెరిపేస్తే ఎక్కువ ధర వస్తుందని మా అన్నయ్య అంటున్నాడు. నిజమేనా?

అవెన్యూ రోడ్ ఆదివారం:
ముందు ఆ రబ్బరు పక్కన పెట్టండమ్మా. పాత కాగితం మీద రబ్బరు రుద్దితే పైపొర లేచి అక్కడ తెల్లమచ్చ పడుతుంది, పేరు కంటే ఆ మచ్చే ఎక్కువ కనిపిస్తుంది. పేరు ఉందని రాయండి, ఫోటో పెట్టండి, అంతే. నేను బెంగళూరులో పాతికేళ్లుగా కొంటున్నాను, పిల్ల చేతిరాతతో పేరున్న పుస్తకాన్ని ఆ కారణంగా వదులుకున్నది ఒక్కసారీ లేదు.

ఇక ముద్రణ సంగతి. ముఖచిత్రం చూసి ఎప్పుడూ పాడకండి, పునర్ముద్రణల్లో అదే బొమ్మ మళ్లీ వేస్తారు. ప్రచురణ వివరాలున్న పేజీ, ధర ఉన్న చోటు, వెనక అట్ట, ఈ మూడు ఫోటోలు అడగండి. ఇవ్వనంటే ఆ పాట మీది కాదనుకోండి. సంవత్సరం అచ్చువేయని పుస్తకాలే మనకు ఎక్కువ, కానీ కాలం వేరేచోట దొరుకుతుంది. ధర అణాల్లో ఉంటే పాతది, ఎందుకంటే దశాంశ నాణేలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి, అప్పటి నుంచి నయా పైసలు. ఆ "నయా" అన్న మాట 1964లో తీసేశారు. కాబట్టి ధర నయా పైసల్లో ఉంటే దాదాపుగా ఆ ఏడేళ్లలోపుది. తర్వాత ప్రచురణకర్త చిరునామా చూడండి. "మద్రాసు-26" అని రెండంకెలే ఉంటే పాత పద్ధతి, "600 026" అని ఆరంకెలుంటే అది 1972 ఆగస్టు 15 తర్వాత అచ్చయింది, పిన్‌కోడు మొదలైందే ఆ రోజు. "చెన్నై" అని ఉంటే 1996 తర్వాతిది. పదమూడు అంకెల ఐఎస్‌బీఎన్ (పుస్తకం గుర్తింపు సంఖ్య) ఉన్నది 2007కి ముందు అచ్చయ్యుండటం కష్టం.

రష్యన్ పుస్తకాల్లో "రాదుగ" అని ఉంటే 1982కి ముందుది కాదు, ఆ సంస్థ మాస్కోలోని ప్రగతి ప్రచురణాలయం నుంచి విడిపోయి ఏర్పడింది అప్పుడే. 1970 నాటి రాదుగ పుస్తకం అని ఎవరైనా రాస్తే వాళ్లు లోపల చూడలేదన్నమాట. మీరు కొన్నదాని చిరునామా ఒకసారి చూసి చెప్పండి.

పైక్రాఫ్ట్స్ రోడ్:
బైండ్ల గురించి నేను చెప్తాను, ఎందుకంటే అక్కడే అందరూ దెబ్బతింటారు. మన ఇళ్లల్లో ఏడాదికి పన్నెండు సంచికలు కలిపి బైండు చేయించేవాళ్లు. బైండరు చాలాసార్లు ముఖచిత్రాలు పీకేసి, మూడు పక్కలా కటింగ్ మిషన్‌లో పెట్టి కోసేవాడు. బొమ్మ అంచు, ఒక్కోసారి పేజీ అంకె కూడా పోయేది. చందమామకి వడ్డాది పాపయ్య గారి ముఖచిత్రాలు ఉన్నాయా లేదా అన్నదాని మీదే సగం విలువ ఉంటుంది, ఆ రంగుల కోసమే కొనేవాళ్లున్నారు. అందుకని పన్నెండు ముఖచిత్రాలూ లెక్కపెట్టండి, ఆ తర్వాత పేజీలు ఒక్కొక్కటీ లెక్కపెట్టండి. మధ్య పేజీలు పిన్ను దగ్గర ఊడి పోవడం మామూలే. విడిగా అమ్మితే ఎక్కువొస్తుందని బైండు మాత్రం విప్పకండి, జిగురూ కుట్టూ కలిసి వీపు చిరిగిపోతుంది.

సెల్లోటేప్ అసలు వేయకండి. ఇరవై ఏళ్ల క్రితం వేసిన టేపు ఊడిపోయినా దాని పసుపు చార అలాగే ఉంటుంది. నా దగ్గరున్న ఒక సంచికలో ఆ చార సరిగ్గా బేతాళుడి మొహం మీద పడింది, దాన్ని చూసినప్పుడల్లా బాధేస్తుంది. కలరా ఉండల వాసన, పురుగు తిన్న చిల్లులు, తుప్పు పట్టిన పిన్నులు, ఉన్నవన్నీ రాయండి. తప్పు ముందే చెప్పినవాళ్ల దగ్గర మళ్లీ కొంటారు, నేనైతే అలాంటి ఇద్దరి దగ్గరే ఏళ్లుగా కొంటున్నాను.

పంపేటప్పుడు ముందు ప్లాస్టిక్ కవరు, తర్వాత పుస్తకం కంటే రెండు వేళ్లు పెద్దవైన అట్టలు రెండు వైపులా. మూలలు నలిగేది అట్టలు సరిపడా లేకే. నవంబరులో వానలప్పుడు చెన్నై నుంచి పంపకపోతే మేలు, ఓ నెల ఆగండి.

కోరమంగళ నాన్న:
పాట గురించి ఒక మాట. మా పాపకోసం మొదలుపెట్టి నేనూ ఇందులో పడ్డాను. ఈబే లాంటి వేలం సైటులో మీ గరిష్ఠ ధర ఒకసారి ఇచ్చేస్తే, పక్కవాడి కంటే ఒక మెట్టు పైన మాత్రమే అది మీ తరఫున పాడుతుంది, ఇద్దరిదీ ఒకే గరిష్ఠమైతే ముందు ఇచ్చినవాళ్లకే వస్తుంది. అందుకని ఆఖరి నిమిషం టెన్షన్ అక్కర్లేదు. ఈబే ఇండియా సైటు 2018లో మూసేశాక మాలాంటివాళ్లం గ్రూపుల్లోకి వచ్చేశాం, ఇక్కడ కామెంట్లలోనే పాట కాబట్టి ఆవేశం ఎక్కువ. నేను ఇంతకంటే దాటను అని కాగితం మీద రాసుకుని ఫోన్ పక్కన పెట్టుకుంటాను. ప్రతి పాటలోనూ అదే కొత్త ఖాతా ధర పెంచి, పాట ముగిసే ముందు సరిగ్గా ఆగిపోతుంటే అడ్మిన్‌కి చెప్పండి. ధర అంచనాకి అమ్ముడైనవాటి ధరలు చూడండి, అడిగే ధరలు కాదు. ఎవరైనా ఎంతైనా అడగొచ్చు.

మాంబళం అమ్మాయి:
అందరికీ ధన్యవాదాలు. చూశాను. ఆఖరి పేజీలో కింద చిన్న అక్షరాల్లో మద్రాసు పక్కన ఆరంకెలు ఉన్నాయి, ధర 6 రూపాయల 50 పైసలు. నెలరోజులుగా ఇంట్లోనే ఉంది, నేను చూడలేదు. ఆ పేజీ ఫోటో తీసి అమ్మినాయనకి పంపాను, పిన్‌కోడు సంగతి కూడా రాశాను. రెండు గంటల్లో ఫోన్ చేశారు. నిజంగానే తెలియదట, 2,000 వెనక్కి పంపుతానన్నారు, పంపారు కూడా. పుస్తకం నేనే ఉంచుకున్నాను, బొమ్మలు బాగున్నాయి.

పైక్రాఫ్ట్స్ రోడ్ గారూ, మీరు లెక్కపెట్టమన్నారు కాబట్టి రాత్రి కూర్చున్నాను. ఒక బైండు వీపు మీద నాన్నగారు ఇంకుతో "1958" అని రాశారు. ముఖచిత్రాలు పన్నెండూ ఉన్నాయి. కానీ సెప్టెంబరు సంచికలో నాలుగు పేజీలు లేవు, ధారావాహిక సరిగ్గా మధ్యలో తెగిపోయింది. లెక్కపెట్టకపోతే "పూర్తి సంవత్సరం" అని రాసి ఉండేదాన్నే.

అవెన్యూ రోడ్ ఆదివారం:
ఆ నాలుగు పేజీలు లేవని మొదటి లైన్లోనే రాయండి, కింద చివర్లో కాదు. ముఖచిత్రాలు పన్నెండూ ఉన్న 1958 బైండుకి అయినా పాట గట్టిగానే ఉంటుంది.

మాంబళం అమ్మాయి:
అలాగేనండి. నెల్లూరులో ఉన్న మేనత్తకి ఆ పెన్సిల్ పేరు ఫోటో పంపాను. "క" కొమ్ము అప్పుడు సరిగ్గా రాసేదాన్ని కాదు, అది నాదే అంది. ఆ పేరున్న మూడు పుస్తకాలూ ఆవిడకే పంపేస్తున్నాను, మీరు చెప్పిన అట్టలు పెట్టి. రష్యన్‌వి ఆరు ఈ ఆదివారం రాత్రి వేలంలో పెడతాను, ప్రతిదానికీ ఆఖరి పేజీ ఫోటోతో.